సన్న గాస్కెట్

చచ్చినవాడు ఇంటికి రావడం ఒక ఎత్తు, కారులో రావడం ఇంకో ఎత్తు. అదీ ఇంజన్ ముక్కలు ముక్కలై బల్ల మీద పడి ఉన్న కారులో! పొద్దు వాలేసరికి అన్న ఇంటి గేటు దగ్గర ఆ కారు చప్పుడు, టిక్కుటిక్కుమంటూ. పెరటి షెడ్డులో తమ్ముడి చేతిలో స్పానరు అలాగే ఆగిపోయేది. పరుగున వెళ్లి చూస్తే వీధి ఖాళీ. ఎవరితోనూ అనలేదు. మెకానిక్కుకి మతి పోయిందంటే బండి ఎవడిస్తాడు?

బతికున్నన్నాళ్లూ ఆ కారుని ఉన్నట్టు ఉండనిచ్చాడా మహానుభావుడు! టర్బో తగిలించాడు. అది చాలదన్నట్టు ఇంకా ఊపు కావాలని ఇంజన్ మీద మూతలా ఉండే హెడ్డు అరగదీయించాడు, మళ్లీ అరగదీయించాడు. లోపల ఒత్తిడి మితిమీరి నాకింగు మొదలైంది. అదే ఆ టిక్కుటిక్కు. వీధి మలుపులో అది వినబడితే చాలు, వదిన ముఖం వెలిగిపోయేది. జ్వరమని ఆసుపత్రిలో చేరినవాడు తిరిగి రాలేదు. తర్వాత వదిన నడుపుతుండగా, హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ రేకు కాస్తా కాలిపోయింది.

కొత్తవి రెండు తెచ్చాడు తమ్ముడు. ఒకటి అన్న వేసినదానిలాంటి సన్నది, ఒకటి మందపాటి ఉక్కుది.

"సన్నదే వెయ్యి చిన్నా," అంది వదిన షెడ్డు గుమ్మంలోంచి.

"దాని ఊసెత్తకు వదినా. పాపని ఎక్కించుకుని రోజూ ఘాటురోడ్డు దిగేదానివి."

పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టి చిటికెడు తీసి, వాల్వులు దిగేచోట పిస్టన్ మీద అంటించాడు. సన్నది పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి, మళ్లీ విప్పాడు. మట్టి ఉల్లిపొరంత పల్చనైపోయింది.

"చూడు, వాల్వూ పిస్టనూ ముద్దుపెట్టుకోవడమొక్కటే తక్కువ. తగిలాయంటే దారి మధ్యలో ఇంజన్ పగిలిపోతుంది."

వదిన నవ్వలేదు. "మందంది వేస్తే ఆ చప్పుడు ఉండదా?"

"ఉండదు. లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. మనకి కావాల్సిందీ అదేగా."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

నిజం చెప్పొద్దూ, అతని చెయ్యి కూడా సన్నదాని మీదికే పోయింది. అన్న మిగిల్చి వెళ్లింది ఆ చప్పుడొక్కటే. దాన్ని కూడా తన చేత్తోనే నొక్కేయాలా? పాపం గుర్తొచ్చి కాదు, పాప గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మందపాటి గాస్కెట్టే పరిచి, మధ్య బోల్టుల నుంచి అంచులకి వరసగా బిగించాడు.

స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్క టిక్కు కూడా లేకుండా వెన్నలా తిరిగింది. ఇంకో బండయితే మురిసి ముక్కలయ్యేవాడు. ఇప్పుడు మాత్రం చటుక్కున తాళం తిప్పి ఆపేశాడు.

ఆ సాయంత్రం వదిన దగ్గరే భోజనం. చేతులు కడుక్కుంటున్నాడన్న మాటేగానీ చెవులు రెండూ గేటు దగ్గరే ఉన్నాయి. పొద్దు వాలింది. చప్పుడు లేదు. చీకటి కూడా పడింది. అబ్బే, ఏమీ లేదు. హమ్మయ్య, భ్రమ వదిలిందనుకోవాలి. అనుకోలేకపోయాడు, ఏడుపొచ్చింది.

వదిన కంచాలు పెట్టడం మానేసి కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఏమైంది వదినా?"

"నిన్న కూడా ఈపాటికి వచ్చేశాడు," అంది ఆవిడ, గేటు మీంచి చూపు తిప్పకుండానే. "ఇవాళ మీ అన్న ఇంకా రాలేదేంటి చిన్నా?"