ఒంటి మంచం స్టేషను

షట్టరు మోకాళ్ల ఎత్తుకు లేచి మొరాయించింది. డ్రైవరు వంగి, ఎడమ భుజం దాని అంచు కింద ఆనించి, ఊపిరి బిగబట్టి తోశాడు. రేకు కీచుమంటూ నడుము దాకా వచ్చింది, ఆ తర్వాత తల దాకా. అక్కడ ఆయన కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

"పైపు, చెల్లెమ్మా."

నర్సమ్మ ఇనుప పైపును షట్టరు కింద నిలబెట్టి, కాలితో తన్ని బిగించింది. ఆయన భుజం తీసేసి, దాన్ని కుడిచేత్తో నలుపుకుంటూ లోపలికి నడిచాడు.

ఆయన పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. నెరిసిన మీసం ఎప్పుడు కత్తిరించుకున్నా ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. ఖాకీ చొక్కా ఎడమ భుజం మీద తుప్పు మరక ఎంత ఉతికినా పోకపోతే, ఆయన భార్య అక్కడ అదే రంగు గుడ్డముక్క వేసి కుట్టింది. ఎరగనివాళ్లు అదేదో హోదా గుర్తు అనుకుని ఆయనకు ఇంకాస్త గట్టిగా నమస్కారం పెడతారు. ఆయన కూడా కాదనడు.

అంబులెన్సు ఉండేది ఒకప్పటి ఎరువుల గోదాములో. వాన పడితే ఇప్పటికీ నేలలోంచి ఆ ఘాటు లేస్తుంది. బండి లోపల పెడితే గోడకూ దానికీ మధ్య మనిషి అడ్డంగా నడవాలి. వెనక తలుపులు తెరుచుకోవు. అందుకే పొద్దున్నే బండిని బయటికి తీసి, కడిగి, సిలిండరు చూసుకుని, మళ్లీ లోపల పెడతారు. ఒకసారి గాలికి పైపు జారి షట్టరు వచ్చి బానెట్ మీద పడింది. అప్పటినుంచి కేసు లేనప్పుడు షట్టరు దించే ఉంచాలని ఆఫీసు ఆర్డరు. స్ప్రింగు వేయించాలని మాత్రం ఆర్డరు లేదు.

ఆ పూట కూడా నర్సమ్మ సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

"అమ్మా, కొత్త బిల్డింగు వస్తుంటే పాత షట్టరుకి స్ప్రింగు వేయించానని తెలిస్తే ఆడిట్‌వాళ్లు నన్ను నమిలేస్తారు."

"ఎప్పుడొస్తుంది సార్?"

"వస్తోంది."

రోడ్డు మలుపు దగ్గర కంచె వేసి, లోపల పునాదిరాయి పాతి చాలాకాలమైంది. మొదట నేల మెత్తన అన్నారు. తర్వాత నేల గట్టిదే గానీ మ్యాపులో పక్కవాడిది అన్నారు. పక్కవాడితో రాజీ కుదిరేసరికి అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన మళ్లీ నేల మెత్తన దగ్గర మొదలుపెట్టాడు. రెండు గదులు, బాత్రూము ఉన్న ఆ స్టేషను లేస్తేనే రెండో డ్రైవరు, రెండో నర్సు. గోదాముకు ఆనుకుని ఉన్న, ఒక మంచం పట్టే గదిలో ఇద్దరు డ్రైవర్లను ఎక్కడ పడుకోబెడతారు? అది ఆఫీసు లెక్క. తప్పు పట్టడానికీ లేదు.

ఆ ఒక్క మంచం ఇద్దరికీ వంతు. ఒకరు పడుకుంటే ఇంకొకరు బండిలో ఫోను పట్టుకుని కూర్చోవాలి. దానికి ఆయనే పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పడుకున్నవాళ్లను ఫోను మోగితే తప్ప లేపకూడదు. ఆఫీసరు వచ్చినా, అన్నం చల్లారినా లేపకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్సమ్మ ఒకసారి టీ వచ్చిందని లేపితే, ఆయన కోప్పడలేదు గానీ ఆ రోజంతా మాట్లాడలేదు. ఆమెకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

బండి కడుగుతుండగా ఆమె ఫోను మోగింది. కేసు కాదు. ఆయన భార్య.

"అమ్మాయీ, మీ అన్నయ్య రాత్రి పడుకోలేదే. గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. అడిగితే భుజం నొప్పంటాడు. భుజం నొప్పికి ఎవరైనా అంత చెమట పడతారా?"

"ఇవాళ చూపిస్తాను వదినా."

"నా మాట వినడు. నీ మాటైనా వింటాడేమో చూడు."

నర్సమ్మ ఫోను పెట్టేసి ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన బకెట్టు దింపి టైరు మీద కూర్చున్నాడు. పెదవుల చుట్టూ రంగు తేడాగా ఉంది. మణికట్టు పట్టుకోబోతే చెయ్యి లాక్కున్నాడు.

"మా ఆవిడ ఫోనా?"

"నొప్పి దవడ దాకా వస్తోందా అన్నయ్యా?"

"షట్టరు భుజం మీద మోస్తే దవడ నవ్వుతుందా?"

"పరాచికాలొద్దు. పెద్దాసుపత్రికి పోయి ఈసీజీ తీయించుకోండి. ఈ బస్సుకే వెళ్లండి."

"పోయినసారి పోయాగా, సెలవు పెట్టి." ఆయన చేతులు తుడుచుకున్నాడు. ఆ సెలవు ఆయన పంటి డాక్టరు కోసం పెట్టింది. ఆ రోజే గట్టు మీద ఊళ్లో ఒక కోడలికి పురిటి నొప్పులు వస్తే, బండి గోదాములో ఉండగా ఆమెను ట్రాక్టరులో తీసుకెళ్లారు. తల్లి దక్కింది. ఆ తర్వాత ఆయన పంటి సంగతి కూడా ఎత్తలేదు.

"సరే, ఒప్పందం," అన్నాడు లేస్తూ. "ఇవాళ పెద్దాసుపత్రికి కేసు పడితే, నిన్ను దింపి నేనూ చూపించుకుంటా."

"పడకపోతే?"

"అందరూ బాగున్నట్టే కదా. నేనూ బాగున్నట్టే."

బండి లోపల పెట్టారు. షట్టరు దించారు. ఆయన మంచం ఎక్కకుండా గది గుమ్మంలో కూర్చున్నాడు. పడుకుంటే ఆయాసంగా ఉందని ఆమెకు అర్థమైంది. బాత్రూము లేదు కనుక పక్కనే టీకొట్టు అక్క పెరట్లోకి వెళ్లొచ్చింది. దూది సర్దింది. సర్దిందే మళ్లీ సర్దింది. ఫోను వంక చూసింది. ఎవరికో ఏదో అయితే బాగుండునని ఎదురుచూస్తున్నానని తెలిసి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా చూపు ఫోను మీదనుంచి తిప్పుకోలేదు.

మధ్యాహ్నం దాటాక మోగింది. చివరి వీధి దర్జీ తాతకు ఊపిరాడడం లేదు.

ఆయన లేచి భుజం షట్టరుకు ఆనించబోయాడు. నర్సమ్మ ఆయన్ని పక్కకు తోసి టీకొట్టు అక్కను కేకేసింది. ఇద్దరూ ఒక్కొక్క కొస పట్టుకుని, జానెడు లేపడానికి నానా తంటాలూ పడ్డారు. ఆయన కాసేపు చూసి, "మీరిద్దరూ దాన్ని లేపేలోపు తాత కొత్త బట్టలు కుట్టుకుని తానే నడిచొస్తాడు," అని మధ్యలోకి దూరాడు.

రేకు కీచుమంది. ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. తెరిచే ఉంచి, దూరంగా దేన్నో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

దర్జీ తాత స్ట్రెచరు ఎక్కనన్నాడు. మాస్కు పెడితే తీసేశాడు.

"పోయేవాణ్ణి ఊరికే పోనివ్వరా? గుంతల్లో కుదిపి మరీ చంపుతారా?"

"నోరు ముయ్యి నాన్నా," అంది కూతురు ఏడుస్తూ.

"నోరు మూస్తే ఇంకెక్కడ ఊపిరి పీల్చనే?"

డ్రైవరు తన సీటు వెనకున్న చిన్న కిటికీలోంచి అరిచాడు. "తాతా, నా చొక్కా కాలరు నువ్వు వంకరగా కుట్టావు. అది సరిచేసేదాకా నిన్ను పోనివ్వను."

"నీ మెడే వంకర," అన్నాడు తాత మాస్కులోంచి. కానీ ఆ తర్వాత మాస్కు తియ్యలేదు.

గుంతల దగ్గర బండి మెల్లగా దిగి మెల్లగా లేచింది. నున్నటి రోడ్డు మీద వేగం అందుకుంది. తాత పెదాలకు రంగు తిరిగి రావడం నర్సమ్మ చూసింది. మందు పట్టింది, గట్టున పడ్డట్టే. ఆమె ముందున్న ఖాకీ చొక్కా వైపు చూసింది. వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. అద్దాలు దించి ఉన్నాయి, గాలి బాగానే వస్తోంది.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మం ముందు బండి ఆగింది. వార్డుబాయ్‌లు స్ట్రెచరు దింపారు.

"మీరూ రండి అన్నయ్యా. ఇప్పుడే."

"దారికి అడ్డంగా ఉంది, బండి ఆ చెట్టు కిందికి తీసి వస్తా. నువ్వు తాతను అప్పగించు. ఒప్పందం ఒప్పందమే."

లోపల ఆమె తాతను అప్పగించింది, వాడిన మందులు చెప్పింది. డ్యూటీ డాక్టరుతో, "మా డ్రైవరుకు గుండెనొప్పేమోనని అనుమానం సార్, ఇప్పుడే వస్తున్నాడు," అంది. "తీసుకురండి," అన్నాడాయన, ఒక మంచం ఖాళీ చేయించి. ఆ మంచం చూసేసరికి పొద్దున్నుంచి బిగుసుకుపోయిన ఆమె వేళ్లు వదులయ్యాయి.

బయట చెట్టునీడలో బండి నిలబెట్టి ఉంది, దారికి ఎక్కడా అడ్డం లేకుండా. ఆయన స్టీరింగు మీద చేతులు ముడిచి, వాటిపై చెంప ఆనించి ఉన్నాడు.

రాత్రంతా కూర్చునే ఉన్నాడు. ఇప్పటికి కునుకు పడింది.

ఆమె తలుపు మీద చెయ్యి వేసి, తియ్యకుండా నిలబడింది. లేపాలనుకుంది. లోపల మంచం ఖాళీగానే ఉంది, డాక్టరు ఉన్నాడు. నిద్ర పట్టడమంటే నొప్పి తగ్గినట్టే కదా, ఐదు నిమిషాల్లో కొంప మునగదు. ఇలా అనుకోవడానికి ఆమెకు ఆట్టే సేపు పట్టలేదు. గేటు దగ్గర రెండు టీలు తెచ్చింది. చప్పుడు చెయ్యకుండా ఇటువైపు తలుపు తీసి పక్కసీట్లో కూర్చుంది. ఆయన టీ మీద కాగితం మూతపెట్టి ముందు ఉంచింది. తనది తాగింది. ఇవాళ పొద్దున్నుంచి మొదటిసారి నెమ్మదిగా కూర్చున్నానని అనుకుంది.

ఫోను మోగింది.

మొదటి మోతకే లేచే మనిషి. మోత పూర్తయింది. మళ్లీ మొదలైంది.

"అన్నయ్యా, కేసు."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది, ఆ కుట్టిన గుడ్డముక్క మీద.

ఎప్పుడు పోయాడో చెప్పలేమన్నాడు డ్యూటీ డాక్టరు. బండి ఆపిన వెంటనే కావచ్చు. కొంచెం తర్వాతైనా కావచ్చు. ఆమె రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే చెప్పాడు. తాత కూతురు వచ్చి ఆమె పక్కన నిలబడి, "నాన్నకి ఊపిరి సర్దుకుంది, నిద్రపోయాడక్కా," అంది.

వదిన ఫోను చేసేవరకు ఆగకుండా నర్సమ్మే చేసింది.

"చూపించావా అమ్మాయీ?"

"ఆసుపత్రిలోనే ఉన్నాం వదినా. ఎవరినైనా తోడు తీసుకుని మీరూ రండి."

చీకటి పడకముందే ఆఫీసువాళ్లు ఇంకో స్టేషనునుంచి ఒక డ్రైవరును పంపారు. బండి ఖాళీగా ఉండకూడదు కదా. రేపే షట్టరుకు స్ప్రింగు వేయిస్తానని సూపర్‌వైజరు ఫోనులో చెప్పాడు. నర్సమ్మ "సరే సార్" అంది.

కొత్తాయన పొడుగ్గా ఉన్నాడు. మోకాళ్లు తగులుతుంటే సీటు వెనక్కి జరుపుకున్నాడు. చల్లారిన టీ తీసి బయట పారబోశాడు. బండి తిప్పబోతూ తలెత్తి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

పైన అసలు అద్దం పక్కన, గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం ఒకటి రాగితీగతో కట్టి ఉంది. ఎన్నోసార్లు ఈ పక్కసీట్లో కూర్చున్నా, తల దువ్వుకోవడానికే కాబోలనుకుని ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఇందులో రోడ్డు కనిపించడం లేదు," అంటూ అతను దాన్ని తిప్పబోయాడు.

"ఉండనివ్వండి," అంది.

అతను చెయ్యి తీసేసి బండి కదిలించాడు. గుంతలు వచ్చినప్పుడల్లా రాగితీగ మీద ఆ గుండ్రటి అద్దం చిన్నగా ఊగుతూ, వెనక రోగి తల పక్కన ఆమె కూర్చునే స్టూలు వైపే తిరిగి ఉంది.