బీద కాయితం

దాలమ్మకు తెలివి లేదని ఎవరూ అనలేదు. ఆమె కూడా ఎప్పుడూ అనుకోలేదు. కాకపోతే ఆ తెలివి ఎప్పుడూ పని చెడిపోయాక, కాళ్లు కడుక్కుని తీరిగ్గా వచ్చి కూర్చునేది.

ఆ జూలై నెలలో భర్త జగన్నాధాన్ని పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చి వారమైంది. కడుపులో పుండు. రెండేళ్లుగా వాము నమిలి, సోడా తాగి, పొట్టమీద తడిగుడ్డ వేసుకుని దాన్ని జోకొడుతూ వచ్చాడు. ఇప్పుడది జోకొడితే పడుకునే దశ దాటిపోయింది. సోమవారం కోసి కుట్టాలన్నారు డాక్టరుగారు.

వార్డు నర్సు జ్ఞానసుందరి దాలమ్మను పక్కకు పిలిచింది. "ఇదిగో దాలమ్మా, నీ మంచికే చెప్తున్నాను. మీ తాసీల్దారు దగ్గర్నుంచి ఆదాయం తక్కువని కాయితం తెచ్చుకో. అదుంటే మంచానికీ, మందులకీ, ఆపరేషనుకీ ఏమీ కట్టక్కర్లేదు. లేకపోతే అన్నిటికీ కట్టాలి. ఆదివారం సాయంత్రానికి నా చేతిలో ఉండాలి."

"ఆ కాయితంలో ఏటని రాస్తారమ్మా?"

"ఏమని రాస్తారు? బీదవాళ్లని రాస్తారు."

దాలమ్మ గబుక్కున పక్క మంచాల వంక చూసింది. అక్కడి రోగుల్లో ఇద్దరు నిద్రలో ఉన్నారు, ఒకడు మూలుగుతున్నాడు. ఎవరూ వినలేదని తెలిశాక ఆమెకు ఊపిరాడింది.

కట్టాలంటే ఎడ్ల జత అమ్మాలి. ఎకరన్నర భూమికి ఆ జతే ఆధారం. ఆ మాట జగన్నాధం దగ్గర ఎత్తితే మండిపడ్డాడు.

"ఎడ్లు అమ్మి నా కడుపు కుట్టిస్తావేటి? నారు పోసేసినాం. దమ్ము ఎవుడు పడతాడు, నువ్వు పడతావా? కాయితం వస్తే కోయించుకుంటాను. రాకపోతే సోమారం పొద్దున్నే లేసి ఇంటికొచ్చేస్తాను."

ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. మంచి మాటల మీద నిలబడితే బాగుండేదిగానీ, ఎప్పుడూ ఇలాంటివాటి మీదే నిలబడేవాడు. ఇంటికొస్తే ఎన్నాళ్లుంటాడో దాలమ్మకు డాక్టరు చెప్పక్కర్లేదు.

ఆడపడుచును భర్త దగ్గర కూర్చోబెట్టి, బస్సెక్కి నరసన్నపేటలో దిగి, అక్కణ్నుంచి మూడు మైళ్లు నడిచి ఊరు చేరింది. కరణంగారు అర్జీ రాసి పంపించి, గురువారం పొద్దున్న రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇల్లు చూడ్డానికి వస్తాడని చెప్పారు.

ఇల్లు చూడ్డానికి! ఆ ముక్క ఒక్కటే దాలమ్మ చెవిలో ఉండిపోయింది. ఎందుకు చూస్తాడన్నది వెనక్కి జారిపోయింది.

వాళ్ల వీధికొక పద్ధతి ఉంది. ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా, పిల్లను చూసుకోవడానికి వచ్చినా, వీధి సామానంతా ఆ ఇంటికి చేరుతుంది. అడగక్కర్లేదు. వచ్చినవాళ్లు ఒక ఇంటిని చూస్తున్నామనుకుని పదకొండు ఇళ్లను చూసి వెళ్తారు. ఆ వీధిలో ఉన్న ఒక్క పేము కుర్చీ ఎన్ని సంబంధాలు కుదిర్చిందో చెప్పలేం.

ఆ కుర్చీ గున్నమ్మది. గున్నమ్మ ఎదురింటి వదిన. కొడుకు గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కుర్చీని నెత్తిన పెట్టుకుని, చంకలో కొడుకు కొనిచ్చిన ట్రాన్సిస్టరు ఇరికించుకుని వచ్చేసింది.

"ఒసే దాలీ, సర్కారోడు వస్తన్నాడంటే పెల్లిసూపులకంటే పెద్దకత కాదేటే! మన వీది పరువు ఉన్నాది. రేడియో పెట్టు. మాటలు లేనప్పుడు అదే మాటాడతాది."

అసిరమ్మ కొత్త స్టీలు పళ్లేలు, గ్లాసులు ఇచ్చింది. జగ్గమ్మ గడియారం తెచ్చి మేకుకు తగిలించింది. ఎవరిదో పువ్వుల దుప్పటి కుక్కిమంచాన్ని కప్పేసింది. దాలమ్మ గుమ్మానికి పసుపు రాసి ముగ్గు పెట్టింది. బీదరికం చూడ్డానికి వచ్చేవాడికి ఇదంతా ఎందుకని ఆమెకు తోచకపోలేదు. తోచింది. కానీ మర్యాదస్తులకైతే ఏ పనైనా తొందరగా అవుతుందనీ, దిక్కులేనివాళ్లకు ఎవరు సాయం చేస్తారనీ దానికి జవాబు చెప్పి కూర్చోబెట్టింది.

ఇన్‌స్పెక్టరు నారాయణమూర్తి సైకిలు మీద వచ్చాడు. నెమ్మదస్తుడు. కుర్చీలో కూర్చున్నాడు. జీడిపప్పు వేసిన ఉప్మా తిన్నాడు. కాఫీ తాగాడు. చంద్రుడి మీదికి మనుషులు బయల్దేరారని రేడియో చెబుతుంటే కాసేపు విన్నాడు. వీధంతా గుమ్మంలో నిలబడి, ఆయన తినే తీరు చూస్తోంది.

పళ్లెం ఖాళీ అయ్యాక ఆయన దాన్ని కాస్త ఎత్తి చూశాడు. గ్లాసు తిప్పి చూశాడు.

"ఇవన్నీ మీవేనా అమ్మా?"

"మావే బాబూ."

"అన్నీనా?"

"మరెవులివి బాబూ, మా ఇంట్లో ఉన్నాక?"

"రేడియోకి లైసెన్సు ఉందా?"

లైసెన్సంటే ఏమిటో దాలమ్మకు తెలియదు. తెలియని వస్తువును లేదనడం మరీ నామోషీ. "ఉన్నాది బాబూ. లోపల పెట్టినాం," అంది.

ఆయన ఇంకేమీ అడక్కుండా రాసుకుని లేచాడు. దాలమ్మ సైకిలు దాకా వెళ్లి, గొంతు తగ్గించి అడిగింది. "కాయితం ఎప్పుడిస్తారు బాబూ?"

"ఏ కాయితమమ్మా? మీరు స్థితిమంతులని రాశాను. ఇంత చూసి ఇంకేం రాయను?"

అప్పుడు చెప్పాల్సింది. కుర్చీ మాది కాదు, పళ్లెం మాది కాదు, ఉప్మాలో జీడిపప్పు కూడా మాది కాదు అని అక్కడికక్కడే చెప్పేస్తే సరిపోయేది. కానీ వెనక వీధంతా నిలబడి ఉంది. దాలమ్మ దండం పెట్టింది. సైకిలు వెళ్లిపోయింది.

"ఏటన్నాడే?" అంది గున్నమ్మ.

"మేం కలిగినోల్లమని రాసినాడంట."

"ఓలమ్మో! సర్కారోడి సేతే రాయించేసినావు!" గున్నమ్మ ఆనందంతో బుగ్గలు నొక్కుకుంది. వీధి వీధంతా మురిసిపోయింది. దాలమ్మ కూడా నవ్వింది. లోపలికి వెళ్లి పువ్వుల దుప్పటి మీద కూర్చున్నాక, అలవాటు ప్రకారం తెలివి వచ్చింది. కలిగినవాళ్లమన్న పేరు ఉంటుంది, జగన్నాధం ఉండడు.

మర్నాడు తెల్లారగానే నడుచుకుంటూ నరసన్నపేట వెళ్లి, ఇన్‌స్పెక్టరుగారి ఇంటి అరుగు ముందు నిలబడింది. ఆయన పళ్లు తోముకుంటున్నాడు. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయి ఒక్కటే అంది. "బాబూ, ఆ లైసెన్సు కూడా మాకు లేదు."

ఆయన పుక్కిలించి ఉమ్మి, చాలాసేపు నవ్వాడు.

"నాకు తెలుసమ్మా. ఉప్మా తింటుంటే పళ్లెం అడుగున అసిరమ్మ అని పేరు తేలింది. గ్లాసు మీదా అదే. కుర్చీ వెనక ఎస్. గున్నమ్మ అని రంగుతో రాసి ఉంది. నువ్వేమో దాలమ్మవి. అందుకే రెండుసార్లు అడిగాను."

ఆ వీధిలో సామాను మీద పేర్లు కొట్టించుకునేవాళ్లే గానీ చదివేవాళ్లు లేరు.

"మరి తెలిసీ అలాగ రాసీసినారేటి బాబూ?"

"నీవేనని నీ నోటితో చెప్పాక నేనేం రాయాలి? ఇప్పుడు అది కొట్టేయాలంటే మీ వీధివాళ్లు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి, ఆ సామాను తమదనీ, మీకు లేదనీ. సాయంత్రం వస్తాను. వాళ్లను సిద్ధం చేసుకో."

సాయంత్రం ఆయన వచ్చి, ఇంకా దాలమ్మ ఇంట్లోనే ఉన్న ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కాగితం తీశాడు. "గున్నమ్మ ఎవరు? ఈ కుర్చీ మీదేనా?"

గున్నమ్మ దాలమ్మ మొహం చూసింది. అంతమందిలో దాలమ్మ పరువు తియ్యడానికి ఆమెకు నోరు రాలేదు. "నాదే బాబూ. కానీ దాలమ్మకి ఇచ్చేసినాను. ఇంక దానిదే."

ఆ మాట విన్నాక అసిరమ్మ వెనకబడుతుందా? "పల్లేలు కూడా ఇచ్చేసినాను బాబూ."

"గడియారం ఉంచుకోమన్నాను," అంది జగ్గమ్మ. కొంచెం ఆలస్యంగానే అంది గానీ, అనేసింది.

"మా వీదిలో బీదోల్లు ఎవులూ లేరు బాబూ, రాసుకోండి," అని గున్నమ్మ తేల్చేసింది.

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టేశాడు. నిన్న దాలమ్మ ఉత్తుత్తి స్థితిమంతురాలు. ఇప్పుడు నిజంగానే అయిపోయింది.

దాలమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఒదినా, నీకు దండం పెడతాను, నన్ను బీదదాన్ని సెయ్యే! సోమారం నా పెనిమిటి ఆ కడుపేసుకుని ఇంటికొచ్చేస్తాడు. నీ కుర్సీలో కూకోబెట్టి ఆణ్ణి సూసుకోమంటావేటి, ఎన్నాల్లుంటాడో?"

దాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ అందుకుంది.

"రోజూ కూరేటే అని అడుగుతావు కదా. మొన్న రొయ్యల ఇగురని సెప్పినాను. వండలేదు. అంతకు ముందు సెప్పిన కోడిగుడ్ల పులుసూ వండలేదు. ఎనిమిదేల్లబట్టి నీకు నాను సెప్పిన కూరల్లో సగం అబద్దమే. మేం తాగినాది సోడంబలి, నంచుకున్నాది ఉల్లిపాయ. ఇదిగో, బాబుగారి ఎదురుగా సెప్తన్నాను."

చెప్పేశాక తల ఎత్తలేకపోయింది. ఇంక ఈ వీధిలో ఎలా తిరగాలా అనుకుంటోంది.

గున్నమ్మ బుగ్గన వేలేసుకుంది. "నాకు తెల్దేటే? రొయ్యలు వండితే వీదిలోకి వాసన రాదేటి? మరి నాను సెప్పిన కోడికూర వండేసినాననుకున్నావేటి?"

"నువ్వూ వండలేదేటి?"

"మా గుంటడు గరివిడినుంచి వచ్చినప్పుడు ఒక పాలి వండినాను. ఆ కూరే ఏడాదంతా సెప్పుకుంటాను."

ముందుగా నవ్వింది జగ్గమ్మ. తరవాత ఎవరు నవ్వారో, ఎవరు ఆగారో తెలియదు. అసిరమ్మ తన పండగ అరిసెల సంగతి కూడా బయటపెట్టబోతుంటే ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపాడు. "ఒకళ్లకే అమ్మా కాగితం. మిగతావాళ్లు తరవాత."

గున్నమ్మ, అసిరమ్మ వేలిముద్రలు వేశారు. సిరా వేలిని చీరకొంగుకు తుడుచుకుని గున్నమ్మ అంది. "బాబూ, తమరు కొంచెం లేస్తే నా కుర్సీ నాను పట్టుకెల్లిపోతాను. మల్లీ దానిదని రాసీగలరు."

శనివారం తాసీల్దారు ముద్ర పడింది. ఆదివారం మధ్యాహ్నానికి దాలమ్మ వార్డులో ఉంది. జగన్నాధం అప్పటికే చెప్పులు మంచం కింద నుంచి బయటికి లాగి పెట్టుకున్నాడు.

"ఏటని రాసినారు?" అన్నాడు.

"బీదోల్లమని."

"ఊరందరికీ తెలిసిపోనాదేటి?"

"అందరికీ ముందే తెలుసంట మావా. మనకే ఆలీసంగా తెలిసినాది."

ఆయన చెప్పులు కాలితో మంచం కిందికి తోసేశాడు.

జ్ఞానసుందరి కాగితం రెండుసార్లు చదివి, కేసు షీటుకు గుచ్చింది. "అమ్మయ్య. రేపు పొద్దున్న ఎనిమిదింటికి తీసుకెళ్తారు. అన్నట్టు దాలమ్మా, ఈ కాయితం ఉన్నవాళ్లకి పొద్దున్న పాలు, రొట్టె కూడా వస్తాయి. తోడున్నవాళ్లకి కూడా ఇస్తారు. నీ పేరు రాయనా?"

"అబ్బెబ్బే, నాకెందుకమ్మా! నాను ఇంటికాడినుంచి అన్నీ తెచ్చుకున్నాను," అంది దాలమ్మ. అంత సులువుగా, అంత మర్యాదగా వచ్చేసింది ఆ మాట.

నర్సు సరేనని వెళ్లిపోయింది. దాలమ్మ భర్త కాళ్ల దగ్గర కూర్చుంది. తెచ్చుకున్నదేమిటో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. మూటలో ఒక చీర, దువ్వెన, చుట్టలు. ఆ చుట్టలు జగన్నాధానివి, డాక్టరు కాల్చవద్దన్నాడు.

లేచి, పమిట సర్దుకుని, వార్డు ఆ చివరిదాకా దాదాపు పరిగెత్తింది. పద్దెనిమిది మంచాలవాళ్లూ తలతిప్పి చూశారు.

"అమ్మా! నర్సమ్మా! రాసీ అమ్మా, నా పేరు రాసీ. దాలమ్మ. రొట్టె పెద్దముక్క ఇమ్మని కూడా రాసీ!"