నూనె తేలని జాడీ

నడికుడిలో కృపమ్మ ఇంట్లో పొద్దున్నే దోసకాయ, ఉల్లిపాయ, టమాటా చక్రాలుగా తరుగుతారు. పచ్చి ముక్కలు తినమని షుగర్ డాక్టరు చెప్పాడు. వాటి మీద ఇంటి నువ్వుల పులుపు పోస్తారు. వేయించిన నువ్వులు, పచ్చిమిరపకాయలు, జీలకర్ర రోట్లో నూరి, చింతపండు రసం, నూనె కలిపింది అది. తింటే మరిచిపోయింది గుర్తొస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. రైల్వే గేటు కాసే తన్వీర్‌కు తాళంచెవి కనపడకపోతే గిన్నె పట్టుకొచ్చి, "ఓ చెంచాడు పొయ్యి పెద్దమ్మా" అంటాడు. నాకి, నేరుగా వెళ్లి తాళం తెచ్చుకుంటాడు.

కృపమ్మకున్న భయమల్లా మరుపే. వాళ్ల చర్చిలో పుస్తకం చూడకుండా పాడగలిగినవాళ్లే పాట ఎత్తాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తేది కృపమ్మే. మణికట్లలో నొప్పి పుట్టాక నూరే పని చెల్లెలు సలోమి తీసుకుంది. భర్త పోయాక సలోమి అక్క దగ్గరే ఉంటోంది. పచ్చి ముక్కలు మాత్రం ముట్టదు, అవి మేకల తిండి అంటుంది.

ఈమధ్య కృపమ్మకు మాటలు జారిపోతున్నాయి. మొదట చరణాలు, తర్వాత పల్లవులు. ఒక ఆదివారం నిలబడి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వెనక నుంచి సలోమి పాట ఎత్తింది. తర్వాతి ఆదివారాలూ అంతే. వయసు కదా అని చెల్లెలే ఓదార్చింది. పులుపు రుచి తేడా కొట్టినా, నాలుక కూడా మరిచిపోతోంది కాబోలనుకుంది కృపమ్మ. పెనిమిటి గొంతు గుర్తురాని రోజున దుప్పటి కప్పుకుని ఏడ్చింది.

ఒక పొద్దున సలోమి పాలకెళ్లింది. కృపమ్మ జాడీ మూత తీసి అలవాటుగా గరిటె తిప్పబోయింది. తిప్పడానికేం లేదు. ఇంట్లో కలిపిందైతే తెల్లారేసరికి నూనె పైకి తేలుతుంది, నువ్వుల పిండి అడుక్కి దిగుతుంది. ఇది వెన్నలా ఒక్కటిగా ఉంది. వెళ్లి రోలు చూసింది. సాలెగూడు కట్టి ఉంది. బియ్యం డబ్బా వెనక, పిడుగురాళ్ల షాపులో కొన్న ఖాళీ సీసాలు దొరికాయి, పచ్చి ముక్కల మీద పోసుకునే సలాడ్ డ్రెస్సింగ్‌వి.

సలోమి రాగానే ఒక సీసా చూపించింది. "ఏందే ఇది?"

సలోమి పాలగిన్నె దించింది. కాదనలేదు. "నలభయ్యేళ్లు నువ్వే ముందు నిలబడ్డావు. నాకు నాలుగు ఆదివారాలు ఎక్కువైనయ్యా అక్కా?"

కృపమ్మ రోలు కడిగి, ఆ నొప్పి చేతులతో తనే నూరింది. ఒక పళ్లెం ముక్కల మీద పోసుకుని తను తిన్నది. పాటలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. పెనిమిటి గొంతు వచ్చింది, వెనకే దగ్గూ వచ్చింది. రెండో పళ్లెం చెల్లెలి ముందు పెట్టి, తినమంది. ఆ మొహం చూసి సలోమి పళ్లెం దగ్గరికి లాక్కుంది. రెండు ముక్కలు నమిలి ఆగిపోయింది. చిన్నప్పుడు మెదడు జ్వరమొచ్చి తన పేరే తను మరిచిపోవడం, అక్క ఇదే నూరి నోట్లో పెడుతూ ఒక్కో పాటా మళ్లీ నేర్పడం, ఇన్నేళ్లూ జ్ఞాపకం లేనిదంతా కళ్లముందుకొచ్చింది. పళ్లెం తొయ్యలేదు, తినలేదు.

ఆదివారం సలోమి లేచి నిలబడింది. వెనక్కి తిరిగి, "నువ్వే ఎత్తక్కా" అంది మెల్లగా.

కృపమ్మకు ప్రతి చరణమూ గుర్తుంది. సీసాలూ గుర్తున్నాయి. కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. పాస్టరుగారు కాసేపు చూసి, పాట లేకుండానే ప్రార్థన మొదలుపెట్టారు.