వెలుగు పూత

"ఆ బురద పక్కన పెట్టి టీ పెట్టు, కడప సారొచ్చినాడు," అన్నాడు వేణుగోపాల్ గుమ్మంలోంచే. శ్రీవాణి కలుపుతున్నది బురద కాదు, వెలుగు పూత. పగలు పల్చటి మజ్జిగలా కనిపించే దాన్ని పింగాణీ కుండీల మీద పూసి, తక్కువ వేడిలో కాలిస్తే చీకట్లో ఆకుపచ్చగా వెలుగుతుంది. కలపడం ఆపితే అందులోని వెలిగే పొడి అడుక్కి దిగిపోతుంది. కర్నూలు బజార్లో ఆ కుండీలమ్ముకునే మొగుడికి ఈ ముక్క ఏనాడూ చెవికెక్కలేదు. కుక్కర్ కూసినా, అత్తగారు పిలిచినా లేవాలి, వచ్చి మళ్లీ మొదటి నుంచి కలపాలి. "ఇంట్లో కూర్చుని చేసే పనే కదా" అంటాడాయన. కూర్చున్నదెప్పుడని మాత్రం అడగడు.

టీ మరిగేలోపు ఆమె మనసు కడప వెళ్లిపోయింది. రాఘవేంద్రప్రసాద్ అనే ఆ సారు అక్కడ కొత్త హోటల్ కడుతున్నాడు. కుండీలు చేసినవాళ్లే వచ్చి, హాల్లో పెద్ద గోడ నిండా వెలిగే టైల్స్ చేసిపెట్టాలని ఫోన్లో అడిగాడు. విన్నప్పటి నుంచీ ఆ గోడ ఆమె కళ్లల్లోనే ఉంది. పప్పు కడుగుతుంటే దాని మీద చేపలు ఈదాయి. బట్టలు ఆరేస్తుంటే తీగలు పాకాయి. ఎవరూ పిలవని, ఎవరికీ టీ అక్కర్లేని చీకటి హాలు, అందులో మెల్లగా వెలిగే తన గోడ. పెళ్లయ్యాక ఆమె దేన్నీ ఇంతగా కోరుకోలేదు.

టీ పట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి బాగా మసక పడింది. అత్తగారు కన్యకమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, ఇంట్లో లైట్లన్నీ వేసింది. ట్యూబ్‌లైటు కింద కుండీలు బిక్కమొహం వేసుకుని ఉన్నాయి.

"ఇవి నిజంగా వెలుగుతాయా?" అన్నాడు సారు.

"బ్రహ్మాండంగా వెలుగుతాయి సార్. దీపాలు పెట్టినాక లైటార్పితే లచ్చిమి పోతాదని మా అమ్మ ఒప్పుకోదు. రేప్పొద్దున తలుపులేసి చూపిస్తా."

"చేసేదెవరు?"

"నేనే సార్. అన్నీ నా చేత్తో చేసినవే. గోడ కూడా నేనే చేస్తా."

ఆమె ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. అబద్ధమాడితే ఆడాడు, అంత తేలిగ్గా ఎలా ఆడాడు? ట్రే బల్ల మీద పెట్టి, వెళ్లి స్విచ్ నొక్కి లైటార్పేసింది.

"దీపాలు పెట్టే యాళ లైటార్పుతారా ఎవరన్నా?" లోపల్నుంచి కన్యకమ్మ.

కుండీలు ఆకుపచ్చగా, మెత్తగా చీకట్లోంచి పైకొచ్చాయి. స్విచ్ దగ్గర శ్రీవాణి పది వేళ్లూ వెలిగాయి. గోళ్ల సందుల్లో, మోచేతుల మీద, ముంగురుల్లో కూడా ఆ పొడే. వేణుగోపాల్ కూర్చున్న చోట మాత్రం ఉత్త చీకటి.

రాఘవేంద్రప్రసాద్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"అమ్మా, గోడ పని ఎప్పుడు మొదలుపెడతారు?"

"లైటెయ్యి," అన్నాడు వేణుగోపాల్ గొంతు తగ్గించి.

ఆమె చేతులు కొంగులో దాచుకోలేదు.

"సోమవారం వస్తా సార్," అంది. "ఈడ వంటా, అత్త మందులూ ఆయన చూసుకుంటాడు."