పదిహేడో వాల్వు

ఆయనంత పిరికివాడు ఆ వీధి మొత్తానికి ఇంకొకడు లేడు. ఈ మాట పరాయివాళ్లది కాదు, చిన్నప్పుడు ఆయన్ని చంకనేసుకు తిరిగిన సొంత అక్కది. లిఫ్టు ఎక్కడు. కుక్క మొరిగితే రెండు వీధులు చుట్టి వస్తాడు. తొమ్మిదో ఏట, సూర్యుడు కూడా ఏదో ఒకనాటికి ఆరిపోతాడని బడిలో చెబితే ఇంటికొచ్చి మూడు రోజులు జ్వరపడ్డాడు. నాలుగో రోజు లేచి, సూర్యుడు ఆరిపోయిన మర్నాడు జనం ఏం చేస్తారో లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాడు. అదే ఆయన మొదటి కథ.

తరవాత రాసినవన్నీ అలా భయంలోంచి పుట్టినవే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరి, పగలంతా ధరల పట్టికల్లో తప్పులు ఏరుతూ, ఖాళీ దొరికితే చంద్రుడి మీద ఊపిరాడక కొట్టుకునే మనుషుల గురించి రాసేవాడు. ఇరవై తొమ్మిదో ఏట మొదటి పుస్తకం వచ్చింది. ముప్పై ఆరో ఏట అచ్చాఫీసు యజమాని సైన్సు కథల మాసపత్రిక ఒకటి పెట్టి ఆయన్ని ఎడిటరు కుర్చీలో కూర్చోబెట్టాడు. ప్రెస్సులో వాళ్లు పెట్టిన పేరు ‘గ్రహాలాయన’. ఆ పేరే ఊరంతా పాకింది.

మనిషి పిరికే గాని, ఎర్రపెన్సిలు చేతికొస్తే మాత్రం ఎవరికీ జంకేవాడు కాడు. ‘మీ రాకెట్టు ఎగిరింది, సంతోషం. దాని తలుపు బయటి నుంచి ఎవరు మూశారు?’ అని పేరున్న రచయితలకే కార్డు ముక్క రాసి కథ తిప్పి పంపేవాడు. కథలో చిల్లు ఎక్కడుందో ఆయన కన్ను అక్కడికే పోయేది.

పత్రిక పెట్టిన ఇరవై రెండో ఏట ‘మూడో షిఫ్టు’ అనే కలం పేరుతో ఒక కథ వచ్చింది. ఎక్కడో దూరపు గ్రహం మీద ఓ చిన్న ఊరు. ఆ ఊరి పక్కన విషద్రవం నింపిన పెద్ద ట్యాంకు. చల్లగా ఉంచినంతసేపూ పరవాలేదు, వేడెక్కిందా ఆవిరై ఊరంతా కమ్మేస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలని పైవాళ్లు చల్లబరిచే యంత్రం ఆపేస్తారు. పదిహేడో నంబరు వాల్వు సన్నగా కారుతుంటుంది. హెచ్చరిక గంట అస్తమానం మోగి విసిగిస్తోందని దాని తీగ తెంపేస్తారు. గ్రహాలాయన రెండుసార్లు చదివాడు. పెన్సిలు పెట్టడానికి చోటు దొరకలేదు.

“ఇంత నిక్కచ్చిగా అబద్ధం ఆడినవాణ్ణి ఈ ఇరవై రెండేళ్లలో చూడలేదయ్యా” అని అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరుతో అన్నాడు. ఆ నెలే వేశాడు.

పత్రిక బయటికొచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. మొదటాయన ఊరి చివరి రంగుల ఫ్యాక్టరీలో లా ఆఫీసరు. రెండో ఆయన ఎవరో చెప్పలేదు. చెప్పకపోవడమే ఆయన ఉద్యోగంలా ఉంది.

“ఈ కథ రాసిందెవరండీ?” లా ఆఫీసరు పత్రిక బల్ల మీద పెట్టాడు.

“మూడో షిఫ్టు అనీ...”

“కలం పేరు అడగలేదు. అసలు పేరు, అడ్రసు కావాలి.”

గ్రహాలాయన పత్రికను తన వైపు లాక్కున్నాడు. “కథండీ అది. వేరే గ్రహం.”

“వేరే గ్రహమైతే మా పదిహేడో వాల్వు సంగతి వాడికెలా తెలిసింది?”

అనేశాక గాని తానేమన్నాడో లా ఆఫీసరుకే తెలియలేదు. చటుక్కున పక్కాయన వంక చూశాడు. గ్రహాలాయనకు మాత్రం ఒళ్లంతా చెమటలు పట్టి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. వాళ్లని చూసి పుట్టిన భయం ఒక పాలైతే, ఆ ‘మా’ అన్న మాట విని పుట్టింది పది పాళ్లు. కథ నిజం. ట్యాంకు ఇక్కడే ఉంది.

రెండో ఆయన తాపీగా లేచాడు. “రేపు ఇదే వేళకి వస్తాం. రాతప్రతి, పేరు రెండూ సిద్ధంగా ఉంచండి. పాత బిల్డింగు, పైగా గదుల నిండా కాగితాలు. ఎప్పుడు ఏది అంటుకుంటుందో ఎవరం చెప్పగలం?” అన్నాడు, ఎంతో జాలిపడుతున్నట్టు.

వాళ్లు వెళ్లాక ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. ఇళ్ల కప్పులమీదుగా ఫ్యాక్టరీ గొట్టం కనబడుతోంది. రోజూ చూసేదే. దానికీ తన ఇంటికీ మధ్య రెండు మైళ్లు కూడా లేదు. గాలి అటు నుంచే వీస్తోంది. కిటికీ మూసేసి, కథ వచ్చిన కవరు మీది అడ్రసు పట్టుకుని వెళ్లాడు.

తలుపు తీసింది ముప్పై ఏళ్ల ఆడమనిషి. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. నిద్రలోంచి లేచొచ్చిందేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఎవరో చెప్పగానే లోపలికి లాగి గడియ పెట్టింది.

“అమ్మా, ఉన్నమాట చెప్పు. కథలో నువ్వు కల్పించిందెంత?”

“గ్రహం ఒక్కటే సార్.”

“మరి పైవాళ్లకి చెప్పలేదా?”

“మూడుసార్లు కంప్లైంటు రాసిచ్చాను సార్. మొదటిది ఫైల్లో పెట్టారు. రెండోది చెత్తబుట్టలో వేశారు. మూడోది ఇచ్చాక నన్ను పిలిచి, మీ అమ్మ ఒక్కతే ఉంటుందటగా ఇంట్లో అన్నారు. పేపరువాళ్లకి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ పేరు వినగానే పెట్టేశారు. పోనీ కథైతే ఎవరైనా చదువుతారని...”

“ఇప్పుడు వేడి ఎంతుంది?”

“ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. పొద్దున పంతొమ్మిది చూశాను. ఎండలింకా ముదరనేలేదు.”

బయటికొస్తుంటే ఆమె అడిగింది: “నా పేరు చెప్పేస్తారా సార్?”

చెప్పనని ఆయన నోటివెంట రాలేదు. “ఏమో తల్లీ. నేను చాలా పిరికివాణ్ణి” అన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే అక్క పసిగట్టింది. “ఏరా, మొహం అలా పీక్కుపోయిందేం?” ఆయన దాచకుండా అంతా చెప్పాడు.

“చెప్పేసెయ్‌రా ఆ పేరేదో. కోరి కొరివితో తల గోక్కుంటావా ఈ వయసులో?” అంది వెంటనే. కత్తిపీట ముందు కూర్చుని రెండు వంకాయలు తరిగింది. ఆ తరవాత మళ్లీ తనే, “ఒరేయ్, పేరు చెబితే ఆ ట్యాంకు చల్లబడుతుందేమిట్రా?” అంది.

“చల్లబడదక్కా.”

“మరి దేనికి భయపడాలో అదేదో తేల్చుకో. రెండు భయాలు మొయ్యడానికి నీకు ఒంట్లో ఓపిక లేదు.”

మర్నాడు పొద్దున్నే కూర్చుని ఆ కథ పద్దెనిమిది పేజీలూ తన చేత్తో తిరగరాశాడు. నమ్మకం కుదరాలని మధ్యమధ్య కొట్టివేతలు కూడా పెట్టాడు. అసలు ప్రతిని అక్క పొయ్యిలో పెట్టింది. అది పూర్తిగా నుసి అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడ్డాడు.

మధ్యాహ్నం వాళ్లొచ్చారు. “నేనే రాశానండీ” అని గ్రహాలాయన ఆ రాతప్రతి బల్ల మీద పెట్టాడు. గొంతు ఎలుకపిల్ల గొంతులా వచ్చింది.

పేరు చెప్పని ఆయన గ్రహాలాయన మణికట్టు పట్టుకున్నాడు. “చెయ్యి వణుకుతోందే?”

“ఎప్పుడూ వణుకుతుందండీ.”

“నిజమేనండీ” అన్నాడు గుమ్మంలోంచి కంపోజిటరు. “మా గురువుగారు బల్లి పడినా వణుకుతారు.”

సాయంత్రానికల్లా యజమాని ఉద్యోగం తీసేశాడు. మూడోనాడు పోలీసులొచ్చారు. ఫ్యాక్టరీ రహస్యాలు దొంగిలించి అచ్చువేశాడని కేసు. లాకప్పులో నాలుగు రోజులు. ఇనుప తలుపు చప్పుడైనప్పుడల్లా ఆయన మోకాళ్లు పొట్టలోకి ముడుచుకునేవాడు. మధ్యాహ్నం గదిలో ఉక్క పెరిగేకొద్దీ, ట్యాంకులో డిగ్రీలు లెక్కపెట్టుకునేవాడు. ఇరవై. ఇరవై ఒకటి. అరిచి చెబుదామా అనుకునేవాడు. చెప్పినా పిచ్చివాడంటారు.

నాలుగో రోజు ఫిర్యాదు కాగితాల నకలు చేతికిచ్చారు. అలవాటు కొద్దీ ప్రూఫు చదివినట్టు చదివాడు. రెండో పేజీలో కన్ను ఆగింది. ‘మా ప్లాంటుకు సంబంధించిన పదిహేడో వాల్వు కారుదల, నిలిపివేసిన శీతల యంత్రం, తొలగించిన గంట వగైరా రహస్య వివరాలను నిందితుడు అపహరించి...’ కానిస్టేబులును బతిమాలి పెన్సిలు సంపాదించి ఆ వాక్యం కింద గీత గీశాడు.

కోర్టులో చెప్పుకోవాల్సింది ఏమైనా ఉందా అని జడ్జి అడిగాడు. ఆయన బోను కర్ర గట్టిగా పట్టుకుని, గీత గీసిన రెండో పేజీ చూపించాడు.

“వీళ్ల కథలో చిల్లుందండీ. నేను రాసింది కల్పనైతే దొంగతనం లేదు. దొంగతనమే అయితే, ఆ వాల్వు నిజంగా కారుతోంది, యంత్రం నిజంగా ఆగింది. అదే నిజమైతే అయ్యా, మనమెవరమూ ఇక్కడ కూర్చోకూడదు. గాలి ఇటే వస్తోంది.”

నవ్వబోయిన ప్లీడరు ఒకడు నవ్వకుండా ఆగిపోయాడు. జడ్జి రెండో పేజీ తీసి చదివాడు. తరవాత తెరిచి ఉన్న కిటికీ వైపు చూశాడు. “అది ముందు మూయండి” అన్నాడు బంట్రోతుతో.

ఆ సాయంత్రమే కోర్టు ఆర్డరు మీద ప్రభుత్వం తరఫు ఇన్‌స్పెక్టరు ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఇరవై మూడు డిగ్రీలు. వారం తిరక్కుండా ట్యాంకు ఖాళీ చేయాలని నిర్ణయమైంది. ఖాళీ చేయడంలోనే అసలు ప్రమాదం ఉందట. అందుకని ఊరు ఊరంతా కొండ అవతలికి తరలించారు.

ఖాళీ చేసే రోజు, జామీనుపై వచ్చిన గ్రహాలాయన అక్కతోపాటు అవతలి ఊరి బడి వరండాలో కూర్చున్నాడు. అందరి చేతుల్లోనూ తడిగుడ్డలు. మీటర్లామె మాత్రం ఫ్యాక్టరీ లోపలే ఉంది. పదిహేడో వాల్వు ఎంత తిప్పితే కారదో ఆమెకే తెలుసని తనంతట తనే వెళ్లింది. ఆ మాట విన్నప్పటినుంచీ ఆయనకు మంచినీళ్లు కూడా దిగలేదు. పదకొండింటికి గాలి మళ్లింది. ఎవరో “వాసన! వాసన!” అని అరిచారు. జనం లేచి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన అక్క మొహానికి గుడ్డ అదిమి పట్టి కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. తీరా చూస్తే ఎవరిదో లారీ ఇంజను కాలిన వాసన. అయినా ఆయన గుడ్డ తియ్యలేదు. “వదలరా, ఆ విషం కన్నా ముందు నువ్వే చంపేసేలా ఉన్నావు” అని అక్క చెయ్యి విదిలించుకోవాల్సి వచ్చింది.

నాలుగింటికి లారీ వెనక కూర్చుని మీటర్లామె వచ్చింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ఆయన పక్కన చతికిలబడి, “ఖాళీ అయిపోయింది సార్” అంది. ఆయన లేచాడు. వరండా చివరికి వెళ్లి కక్కుకున్నాడు.

కేసు పద్నాలుగు నెలలు నడిచి కొట్టుడుపోయింది. పాత యజమాని మళ్లీ పిలవలేదు. కంపోజిటరు సొంతంగా చిన్న ప్రెస్సు పెట్టుకుని, “మీరు కూర్చోండి గురువుగారూ” అని కుర్చీ వేశాడు. కొత్త పత్రికకి మీటర్లామె ఈసారి సొంత పేరుతోనే కథ పంపింది. గ్రహాలాయన దాన్ని రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి వేశాడు.