పిట్టమడి మీద రాయి

జగ్గమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటుంది. అబద్ధం. ముక్కు దాకా ఎక్కే ఓపిక కూడా ఆ కోపానికి లేదు, నోట్లోనే దాని కాపురం. అయితే ఆ ఏడు వచ్చిన కోపం మాత్రం వేరు. అది వచ్చిందే గానీ మళ్ళీ పోలేదు.

ఎలక్షన్లు అయిన మరుసటి ఏడది. భావనపాడుకు ఎగువన, ఏడాది పొడుగునా చెమ్మ ఆరని పల్లపు నేల ఒకటుంది. తంపర అంటారు. కార్తీకం వచ్చేసరికి ఆ తంపర నీళ్ళ మీద అడవి బాతులు దిగుతాయి. సూదితోకలవి, ఈల వేసేవి, తల మీద రెండు నల్లచారలున్న పెద్దవి. ఎక్కడి నుంచి వస్తాయో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్ళకు నీళ్ళిస్తాం గానీ ఆరా తీస్తామా?

వాటికి ఊరు పెట్టే మేత పిట్టమడి. తంపర అంచున ఒక మడిని కోయకుండా పంటతోనే వదిలేస్తారు. బాతులు అందులో మేస్తాయి, తక్కిన పొలాల జోలికి పోవు. ఆ మడి జగ్గమ్మ అత్తవారిది. అందుకని ప్రతి కల్లం నుంచీ వాళ్ళింటికి చేటెడు ధాన్యం వస్తుంది. ఇక పిట్ట మీద రాయి విసిరినవాడు ఆ ఏడు తన సొంత మడి ఒకటి పిట్టలకు వదలాలి. తాతల నాటి కట్టుబాటు. ఎవడూ విసిరిందీ లేదు, వదిలిందీ లేదు. అందుకే ఆ బాతులకు మనుషులంటే బెదురు పోయింది. జగ్గమ్మ గట్టు మీద వస్తుంటే పక్కకు కూడా జరిగేవి కావు.

"జరగండే! అత్తోరిల్లనుకున్నారేటి?" అని తిట్టి, ఆమే చుట్టూ తిరిగి పోయేది. ఆ తిట్లలో ఉన్నంత ముద్దు ఆమె మొగుడికి కూడా ఎన్నడూ దక్కలేదు.

ఆ మార్గశిరంలో ఒకరోజు పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు ఆమె వాకిట్లోకి వచ్చి చుట్ట వెలిగించాడు. ఆమెకు వరసకు బావ.

"జగ్గమ్మా, రేపు తెల్లారి పట్నం నుంచి ఆఫీసరు గారొస్తన్నారు. పిట్టమడి గట్టు మీద కుర్సీ ఏయిస్తాను. అటేపు ఎవుర్నీ రానీకు."

"మడికాడ కుర్సీ ఏటికి బావా?"

"ఆయనకి తుపాకీ సరదా. బాతు కూరంటే ఇంకా సరదా. నాలుగు బాతులు పోతే ఏటవుతాది? నా రైసుమిల్లుకి లైసెన్సొస్తాది."

జగ్గమ్మ చేతిలోని చేట కింద పడింది. "మేత మేపి, బెదురు పోగొట్టి, ఆడెవడికో కాళ్ళకాడ ఎట్టి కాల్పించడానికా? అన్నం తింటన్నావా బావా? కట్టుబాటు నేదా?"

"ఉన్నాది. రాయి ఎయ్యకూడదన్నారు. తుపాకీ ఊసు ఎవులైనా ఎత్తినారేటి?" అని నవ్వి, చుట్ట పీల్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వుకు ఆమె ఒళ్ళు భగ్గుమంది. పెద్దమనిషి జోగయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఇంటికొస్తే మొగుడు కొండబాబు "పెద్దోళ్ళతోటి మనకెందుకే" అన్నాడు. మగాళ్ళంతా కలిసి నోళ్ళు తాకట్టు పెట్టినట్టున్నారు.

తెల్లవారుతుండగా తాళ్ళ తోపు అవతల జీపు చప్పుడైంది. జగ్గమ్మ ఖాళీ కిరసనాయిల్ డబ్బా పట్టుకుని పిట్టమడి దగ్గరికి పరిగెత్తి, దాన్ని దబదబా బాదింది. బాతులు తలలెత్తి చూశాయి. జగ్గమ్మేగా అన్నట్టు మళ్ళీ మేతలో పడ్డాయి. కొంగు విసిరింది. మడిలోకి దిగి కేకలు పెట్టింది. నాలుగు బాతులు కొంచెం ఎడం జరిగాయి, అంతే.

"ఎగరండే! సంపెత్తాడు, బుద్ధి నేదా మీకు? నన్ను నమ్మకండే!"

జీపు ఆగింది. గణపతిరావు వెనకాల ఒకడు కుర్చీ మోసుకొస్తున్నాడు. ఆఫీసరు తుపాకీ తొడుగు విప్పుతున్నాడు. జగ్గమ్మ తూము దగ్గరున్న రాయి ఒకటి తీసి, చూసి మరీ విసిరింది.

నల్లచారల బాతొకటి మెడ వాల్చి నీళ్ళలో పడింది. ఆ వెంటనే తంపర తంపరంతా లేచింది. ఆఫీసరు తుపాకీ ఎత్తేలోపు బాతులన్నీ సముద్రం వైపు తిరిగి కనుమరుగయ్యాయి.

"ఇందుకా పిలిచావు?" అని ఆఫీసరు జీపెక్కాడు. గణపతిరావు మొహం మాడిపోయింది.

సాయంత్రానికి కల్లం దగ్గర మనుషుల్ని పోగేశాడు. "రాయేసింది, పిట్టని సంపింది. ఇంకో మడి ఒగ్గీయాల" అన్నాడు.

"ఒగ్గేస్తాను. నా సేత్తో సంపినాను, నాకేడుపు రాదనుకున్నావేటి? మరి తుపాకీ తెచ్చినోడు ఏటి ఒగ్గేస్తాడు?"

అందరూ జోగయ్య వైపు చూశారు. జోగయ్య నేల చూశాడు. "తుపాకీ మాట పెద్దోళ్ళు సెప్పలేదమ్మా. రాయి మాటే సెప్పినారు."

"రాయి మాటే సెప్పినారు. బాగున్నాది. అందరూ గుర్తెట్టుకోండి" అని జగ్గమ్మ లేచి వెళ్ళిపోయింది. చచ్చిన బాతును మడి గట్టునే పూడ్చి, గణపతిరావు వంశాన్నంతా పేరు పేరునా తిట్టింది.

బాతులు రాలేదు. ఆమె వదిలిన రెండు మళ్ళూ ఎవరూ ముట్టక గింజ రాల్చుకుంటున్నాయి. ఊళ్ళో కోతలన్నీ అయిపోయాయి. లైసెన్సు కోసం పట్నం చుట్టూ తిరుగుతున్న గణపతిరావు పొలం ఒక్కటే ఇంకా కోతకు నిలబడి ఉంది.

ఒక సాయంత్రం ఆకాశంలో ఈలలు వినిపించాయి. జగ్గమ్మ గట్టు మీదికి పరిగెత్తింది. గుంపంతా పిట్టమడి మీదికి దిగబోయి, గట్టున నిలబడ్డ ఆమెను చూసి, పక్కకు మళ్ళిపోయింది. వెళ్ళి గణపతిరావు పంటలో దిగింది.

ఆయన పరిగెత్తుకొచ్చాడు. అరిచాడు, కండువా విసిరాడు. బాతులు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూస్తోంది. గణపతిరావు వంగి ఓ రాయి తీశాడు.

"ఇసురు బావా" అంది జగ్గమ్మ వెనక నుంచి. "నీ సేతిలో ఉన్నాది తుపాకీ కాదు, రాయే."

ఆయన జోగయ్య వైపు చూశాడు. ఈసారి జోగయ్య నేల చూడలేదు, ఆయన చేతిలోని రాయినే చూశాడు. గణపతిరావు పళ్ళు కొరుక్కుని రాయి జారవిడిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

జగ్గమ్మ నవ్వలేదు. బాతుల్ని దగ్గర నుంచి చూద్దామని ఒక అడుగు ముందుకు వేసింది. అంచున మేస్తున్నవి టపటపా లేచి ఆమెకు దూరంగా, గణపతిరావు కాళ్ళ దగ్గర దిగాయి. ఆమె అక్కడే ఆగిపోయింది.

"పంటదేటుంది, మళ్ళీ ఏడు పండుతాది" అంది. "ఇది మాత్రం నీకు జన్మలో మాపీ సెయ్యను బావా."