రెండు కోళ్ళ మొక్కు

బుధవారం పొద్దున్నే ఉడకబెట్టిన కోడిని అరిటాకులో చుట్టి, సారా సీసా చంకన పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా తాత గుడికి బయల్దేరింది మలివన్. తీరా గుడి దగ్గర ఎదురైంది ఎవరయ్యా అంటే, సరిగ్గా అలాగే కోడిని అరిటాకులో చుట్టి, సారా సీసా చంకన పెట్టుకున్న వాళ్ళమ్మ బున్‌మా.

తల్లీ కూతుళ్ళు ఒకరి మూట ఒకరు చూసుకున్నారు.

"నీకేం పనే ఇక్కడ?" అంది బున్‌మా.

"నీకేం పనో నాకూ అదే."

తాత గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఊరి చివర తోపులో నాలుగు గుంజల మీద నిలబెట్టిన చెక్క గది. అందులో ఉండే తాత ఈ ఊరికి మూలపురుషుడు. కోడీ సారా తప్ప ఇంకేమీ అడగడు. బుద్ధుడి ముందు నోరు విప్పడానికి మొహమాటపడే కోరికలన్నీ జనం ఈయన దగ్గరికే మోసుకొస్తారు.

బున్‌మా కోరిక ఊరందరికీ తెలిసిందే. తాలూకా ఆఫీసు గేటు పక్కన పొట్టి పీట వేసుకుని ఆవిడ కాల్చిన అరటిపళ్ళు అమ్ముతుంది. మలివన్ పుట్టకముందు నుంచీ అమ్ముతోంది. సోమవారం వచ్చిందంటే ఆఫీసువాళ్ళందరూ ఖాకీలో వస్తారు. వాళ్ళు మెట్లెక్కుతుంటే బున్‌మా చేతులు జోడించి తలెత్తి చూస్తుంది. పీట మీద నుంచి చూస్తే ఎంత పొట్టివాడైనా ఆజానుబాహువులాగే కనిపిస్తాడు. తన కూతురు ఆ ఖాకీ తొడుక్కుని ఆ మెట్లెక్కాలన్నదే ఆవిడ కోరిక. ఇంకో సంగతి కూడా ఉంది. సర్కారు ఉద్యోగి తల్లికి పెద్దాసుపత్రిలో వైద్యం సర్కారే చేయిస్తుంది. పీట మీద కూర్చుని కూర్చుని బున్‌మా మోకాళ్ళు అరిగిపోయాయి. ఊరి ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళినా అవే తెల్లమాత్రలు చేతిలో పెట్టి పంపుతారు.

మలివన్ కోరిక మాత్రం తాతకీ ఆమెకీ తప్ప ఎవరికీ తెలియదు. మూన్ నది మీద కొత్త రైలు వంతెన కడుతున్న కంట్రాక్టరు దగ్గర ఆమె పని చేస్తోంది. స్తంభాలకి నదిలో గోతులు తొలిచే రిగ్గు మీద ఇన్నాళ్ళూ సహాయకురాలు. అంటే ఆపరేటరు పైన కూర్చుని మీటలు తిప్పుతుంటే కింద నిలబడి తొలిచే మొనకి పట్టిన బురద కడగడం. తనని ఆ పై సీట్లో కూర్చోబెడితే కోడి పెడతానని మొక్కుకుంది. పోయిన వారం పాత ఆపరేటరు సొంతూరు వెళ్ళిపోయాడు, మలివన్ సీటెక్కింది. అదే వారం, అమ్మ పోరు పడలేక ఎప్పుడో రాసి మరిచిపోయిన పరీక్షలో తన పేరు కూడా వచ్చింది. తాలూకా ఆఫీసులో గుమాస్తా. సోమవారం వచ్చి చేరాలి.

గుడి పూజారి కెన్ రెండు కోళ్ళనీ తాత ముందు పెట్టి, సారా ఒలికించి, ఎవరిది ఏ మొక్కో వివరంగా అడిగి మరీ నవ్వాడు.

"బాగుందమ్మా. తల్లి ఒకటి, కూతురు ఒకటి. తాతకి ఈ వారం పండగే."

తర్వాత రివాజు ప్రకారం కోళ్ళ దవడ ఎముకలు లాగి చూశాడు. చీలిన ఎముక కొసలు రెండూ ఒకేలా వంగి ఉంటే తాత సంతోషించినట్టు, మెలికపడితే అలిగినట్టు. బున్‌మా ఊపిరి బిగపట్టింది. మలివన్ కూడా బిగపట్టింది, కాకపోతే బయటికి కనబడనివ్వలేదు.

"రెండూ చక్కగా ఉన్నాయి" అన్నాడు కెన్.

"రెండూ ఎలా బాగుంటాయి? ఏది చెయ్యమంటున్నాడో చెప్పు" అంది బున్‌మా.

"అడిగినవి రెండూ ఇచ్చాడు. ఏది ఉంచుకోవాలో అడిగారా మీరు? అడగనిదానికి ఆయనెందుకు చెప్తాడు?"

అప్పుడే తవిన్ మావయ్య మోటార్ సైకిల్ దిగాడు. బున్‌మా అన్నగారు. ఆ తాలూకా ఆఫీసులోనే హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రిటైరై ఏళ్ళు గడిచినా ఖాకీ ప్యాంటు మాత్రం రిటైరవలేదు, కూరగాయల బజారుకి కూడా అదే.

"కోడి పెట్టారా? శుభం. ఏమ్మా మలివన్, సోమవారం జుట్టు శుభ్రంగా ముడేసుకుని రా. ఆ బురద బూట్లు ఇంట్లో వదిలెయ్."

"నేనింకా ఏ సంగతీ తేల్చుకోలేదు మావయ్యా."

"తేల్చుకోవడానికేముందే పిచ్చిపిల్లా. కంట్రాక్టరు దగ్గర ఉద్యోగం అంటే పెళ్ళి భోజనం. తిన్నంతసేపే మర్యాద. వంతెన అయిపోయిన మర్నాడు నిన్నెవడు పలకరిస్తాడు?"

"అయిపోతే ఇంకో వంతెన దగ్గరికి పోతాను. మన దేశంలో నదులకేం కరువా?"

"నోటికేం లోటు లేదు." తవిన్ చెల్లెలి వైపు తిరిగి నవ్వాడు. "నువ్వేం బెంగపెట్టుకోకు బున్‌మా. నిన్ననే ఆ సైటు ఇంచార్జికి ఫోన్ చేశాను. మా అమ్మాయి చెప్పడానికి మొహమాటపడుతోంది, సోమవారం నుంచి పనిలోకి రాదు, ఇంకొకర్ని చూసుకోండి అన్నాను. పాపం మంచివాడు, సరే సార్ అన్నాడు."

మలివన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ సీటు కోసం ఎన్ని ఎండల్లో బురద కడిగిందో ఈయనకేం తెలుసు? ఒక్క ఫోన్‌తో ఊడబెరికేశాడు. అదీ తన నోటి మాటగా చెప్పి మరీ. ఏదో అనబోయింది. కానీ ముందుగా బున్‌మాయే అంది.

"నిన్నెవరు చెప్పమన్నారన్నయ్యా?"

"నీ కోసమేగా చేసింది."

"దానికి ఒకటి ఇమ్మని తాతని అడిగాను గానీ, ఉన్నది లాక్కోమని అడగలేదు."

కోళ్ళని అక్కడే కూర్చుని అందరూ పంచుకుని తినాలి. ఆ రోజు కెన్ ఒక్కడే తిన్నాడు.

మలివన్ అటునుంచి అటే సైటుకి పోయింది. ఇంచార్జి ప్రయూన్ రేకుల షెడ్డులో ముద్దన్నం తింటూ ఆమెని చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇంకా వస్తున్నావా నువ్వు? మీ మావయ్య చెప్పాడు కదా."

"నేను చెప్పానా అన్నా?"

"పెద్దాయన, తాలూకా మనిషి. అబద్ధమెందుకు చెప్తాడనుకున్నా."

"నా నోరు నా దగ్గరే ఉంది. మానేసే పనైతే నేనే వచ్చి మానేస్తా. నా పని నచ్చకపోతే ఆ ముక్క చెప్పి తీసెయ్, దిగిపోతా. మా మావయ్య ఫోన్ చేశాడని మాత్రం తియ్యకు."

ప్రయూన్ చేతులు కడుక్కున్నాడు. చెడ్డవాడు కాదు, అలాగని దేవుడూ కాదు. పని ఆగితే పైవాళ్ళు అతని మెడ మీద కూర్చుంటారు.

"చూడు చెల్లీ. నీ పని బాగానే ఉంది. కానీ సోమవారానికి ఇంకొకణ్ణి రమ్మన్నాను. ఇప్పుడు నువ్వుంటానంటావు, రేపు మీ అమ్మ ఏడిస్తే అటు పోతావు, గొయ్యి సగంలో ఉండగా నా గతేం కాను? అక్కడ వద్దని చెప్పేసి రా, సీటు నీదే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మాత్రం నా దగ్గరికి రాకు."

"వంతెన అయ్యాక?"

"అయ్యాక ఏమవుతుందో నాకే తెలీదు, నీకేం చెప్పను?"

నిజమే చెప్పాడని మలివన్‌కి అనిపించింది. అందుకే భయం కూడా వేసింది. అక్కడ వద్దంటే మళ్ళీ పిలవరు. ఇక్కడ వంతెన అయ్యాక ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం రిగ్గు ఎక్కి మీటలు పట్టుకుంటే భయం కాస్త వెనక్కి తగ్గింది. నది అడుగున మన్ను మెత్తబడటం, రాయి తగలటం ఆమెకి అరచేతుల్లోనే తెలుస్తుంది. ఎత్తున కూర్చుంటే నది రెండు వంపుల దాకా కనిపిస్తుంది. ఇంట్లో, బళ్ళో, ఊళ్ళో ఎక్కడా ఆమె ఎవరికన్నా ఎత్తున కూర్చున్నది లేదు. ఆ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎప్పుడూ చెప్పలేదు.

ఇంట్లో గోడకి ఖాకీ చొక్కా వేలాడుతోంది. పేరొచ్చిన మర్నాడే బున్‌మా దర్జీ చేత కుట్టించింది. ఆ చొక్కా కిందే కూర్చుని ఇద్దరూ నాలుగు రోజులూ బొప్పాయి పచ్చడితో అన్నం తిన్నారు.

"అమ్మా, నువ్వేమంటావు?" ఆదివారం మలివన్ అడగనే అడిగింది.

"నేనంటే నువ్వు వింటావు. అందుకే అనను" అంది బున్‌మా, మోకాలు రుద్దుకుంటూ.

సోమవారం లేచి చూస్తే గోడ మీద చొక్కా లేదు. అమ్మ కూడా లేదు, అరటిపళ్ళ బుట్టతో ఎప్పుడో వెళ్ళిపోయింది. చొక్కా కూడా ఆఫీసుకే పట్టుకెళ్ళి ఉంటుందనుకుంది మలివన్, అందరి ముందూ తన చేతుల్లో పెట్టడానికి. అయినా సైటు బట్టలే వేసుకుంది. బురద బూట్లే తొడుక్కుంది.

గేటు దగ్గర అమ్మ పీట మీదే ఉంది, పళ్ళు కాలుస్తోంది. తలెత్తి చూసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. మలివన్ మెట్లెక్కింది. వరండా అంతా ఖాకీ. తవిన్ మావయ్య కూడా ఇస్త్రీ చేసిన ఖాకీలో ముందే వచ్చి పాతమిత్రులతో నవ్వుతున్నాడు. ఆమె బూట్లు చూసి నవ్వు ఆపేశాడు.

లోపల బల్ల దగ్గరి గుమాస్తా, వయసులో మలివన్ అంతే ఉంటుంది, కాగితం ముందుకు జరిపింది.

"చేరడానికేనా?"

"కాదండీ. వద్దని చెప్పడానికి."

గుమాస్తా కలం దించింది. "ఒకసారి వద్దని సంతకం పెడితే మళ్ళీ మార్చడానికి కుదరదు."

"మార్చుకునేదాన్నైతే ఇంత దూరం రాను."

"కారణం ఏం రాయను?"

"వేరే ఉద్యోగం ఉందని రాయండి."

"ఏ ఆఫీసు?"

"ఆఫీసు కాదండీ. నదిలో."

మలివన్ పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టి, కలం తిరిగిచ్చి, బయటికొచ్చింది. మెట్ల మీదే తవిన్ అడ్డుపడ్డాడు. వరండాలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"నా పరువు తీశావు. పోనీ, నా సంగతి వదిలెయ్. రేపు మీ అమ్మ మోకాళ్ళు పూర్తిగా పడిపోతే ఏం చేస్తావే? నీ రిగ్గుతో ఎత్తుతావా?"

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. వారమంతా మలివన్ తనని తాను అడుగుతూ వచ్చిన మాటే అది.

"ఎత్తాల్సొస్తే నా చేతుల్తోనే ఎత్తుతాను మావయ్యా. ఎలాగో నాకింకా తెలీదు. కానీ దాని కోసం నువ్వు నా పేరు చెప్పి ఫోన్లు చెయ్యనక్కర్లేదు."

"విన్నావా బున్‌మా? నువ్వైనా చెప్పు దానికి."

బున్‌మా గేటు ఊచ పట్టుకుని మెల్లగా లేచింది. లేవడానికి చాలాసేపే పట్టింది, అంతమందిలో ఒక్కరూ చెయ్యి అందించలేదు. లేచి నిలబడ్డాక మాత్రం ఆవిడ చేతులు జోడించలేదు.

"చెప్తానన్నయ్యా. ఈ మోకాళ్ళు ఎక్కడరిగాయి? ఈ గేటు దగ్గరే కదా. నువ్వు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇటునుంచే లోపలికెళ్ళావు, ఇటునుంచే బయటికొచ్చావు. లోపల అన్ని కుర్చీలుండేవి. నా చెల్లెలు పొట్టి పీట మీద కూర్చుందే అని ఒక్క కుర్చీ తెచ్చి వేశావా? ఇవాళ నా మోకాళ్ళు గుర్తొచ్చాయా నీకు?"

వరండాలో ఒకాయన గొంతు సవరించుకుని లోపలికి జారుకున్నాడు.

బున్‌మా అరటిపళ్ళ బుట్ట వెనక నుంచి గుడ్డలో చుట్టిన మూట తీసి కూతురి చేతుల్లో పెట్టింది. మలివన్ గుడ్డ విప్పింది. లోపల దిండు, బూరుగుదూది కూరి గట్టిగా కుట్టిన చదరపు దిండు. పైన ఖాకీ గుడ్డ. చొక్కా జేబు కూడా అలాగే ఉంది, విప్పకుండా దాని మీదుగా కుట్టేసింది.

"సీటు గట్టిగా ఉందని ఒకసారి అన్నావు" అంది బున్‌మా.

"చొక్కా చింపేశావా అమ్మా?"

"ఆ, చింపాను. ఇన్నేళ్ళూ నేను దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నువ్వు దాని మీద కూర్చో."

ఆ మాట వరండా చివరిదాకా వినబడింది. వినబడాలనే అంది. అని మళ్ళీ ఊచ పట్టుకుని పీట మీద కూర్చుని, మాడుతున్న పళ్ళు తిప్పింది. మలివన్ అద్దె మోటార్ సైకిల్ వెనక కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని సైటు చేరేసరికి కొత్త ఆపరేటరు రిగ్గు పక్కన నిలబడి మీటలకేసి చూస్తున్నాడు.

"అన్నా, అది నా సీటు" అంది మలివన్.

అతను ప్రయూన్ వైపు చూశాడు. ప్రయూన్ తలూపాడు. మలివన్ నిచ్చెనెక్కి, దిండు సరిగ్గా సర్ది, దాని మీద బరువంతా వేసి కూర్చుంది.